వదిలేసిన ‘కావచ్చు’

జూలై 3
సుగుణ పోయి పన్నెండో తేదీకి ఏడాది. రేపల్లెలో తన పుట్టింట్లో జ్ఞాపకార్థ కూడిక. అత్తయ్యగారి ఫోన్ — “నువ్వు లేచి రెండు మాటలు చెప్పాలి బాబూ.” సరేనన్నాను. అద్దంలో చూసుకున్నాను. నోటి ఎడమ మూల లాగుతూనే ఉంది.

జూలై 4
గొంతు నొప్పి. గొంతు పట్టినప్పుడల్లా ఈ లాగుడు ఎక్కువవుతుంది, చిన్నప్పటి నుంచీ. నిరుడు సమాధి దగ్గరా అంతే. జ్వరం... నోరు పక్కకి పోవడం. చూసేవాళ్ళకి నవ్వు. సుగుణ తమ్ముడు ప్రభాకర్ చూశాడు. “అక్కని మట్టిలో పెడుతుంటే ఇకిలిస్తాడేంటి!” ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు.

జూలై 7
తెనాలి. నరాల డాక్టరు. “టిక్ అంటామండి. కండరం దానంతటదే లాగుతుంది. మీ చేతిలో ఉండదు.” గొంతు సంగతి అడిగాను. రోగంతో పోరాడే శక్తే పొరపాటున మెదడు మీదికి తిరుగుతుందేమోనని కొందరి విషయంలో అనుమానమట. “కావచ్చు సార్. ఇంకా తేలలేదు. మీకు అదేనని చెప్పలేను.” రక్తపరీక్ష? “చేసినా తేలదండి.” మందు రాశాడు — గొంతు నొప్పికి మాత్రమే.
వైద్యం కోసం వెళ్ళలేదు నేను. నవ్వలేదని ఎవరైనా చెబుతారేమోనని వెళ్ళాను.

జూలై 12
రేపల్లె. లేచాను. రెండు మాటలు. మూల లాగింది. ప్రభాకర్ తల తిప్పుకున్నాడు.
భోజనాల దగ్గర అత్తయ్యగారితో చెప్పాను, అతనికీ వినబడేలా. “ఇది జబ్బండి. గొంతులో క్రిమి చేరితే ఒళ్ళు చేసే యుద్ధం మెదడుకి తగులుతుంది. తెనాలిలో తేల్చారు.”
తేల్చారు అన్నాను.
ఆవిడ ఎంగిలి చేత్తోనే నా గడ్డం పట్టుకున్నారు. “ఇన్నాళ్ళూ చెప్పకూడదటయ్యా! ఎన్నెన్ని అనుకున్నాం.” ప్రభాకర్ నా విస్తట్లో పెరుగు వడ్డించాడు. తిన్నాను.

జూలై 13
బాపట్ల. ఇంటికి చేరాను. ఇది నవ్వు కాదని సుగుణకి ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. ఓసారి స్టూడియోలో ఫొటో ఆయన “నవ్వింది చాలు సార్” అంటే — “ఆయన ఆపలేరండి, మీరే త్వరగా తీసెయ్యండి.”

జూలై 16
రాయాలని లేదు.

జూలై 19
అత్తయ్యగారి ఫోన్. ప్రభాకర్ కూతురు చిన్ని కొన్నాళ్ళుగా కళ్ళు టపటపా ఆర్పుతోందట. బళ్ళో వెక్కిరిస్తున్నారట. “నీ జబ్బే కదా బాబూ. నువ్వు చెప్పాక ధైర్యమొచ్చింది. గొంతుకి వేసే మందే షాపులో అడిగి తెచ్చి వేస్తున్నాం. డాక్టరెందుకు, నువ్వున్నావుగా.”
పిల్లకి గొంతు నొప్పి ఉందా అన్నాను. లేదట.
అప్పుడే చెప్పాల్సింది. పెట్టేశాను.

జూలై 20
పొద్దున్నే ప్రభాకర్‌కి చేశాను.
“చెప్పండి బావగారూ.”
ఏడాదిగా ఈ పిలుపు లేదు.
“చిన్నికి ఆ మందు...”
“వేస్తున్నామండి. ఎన్నాళ్ళు వెయ్యమంటారు?”
ఆపమంటే ఎందుకంటాడు. డాక్టరు తేల్చలేదని చెబితే మాట మళ్ళీ సమాధి దగ్గరి నవ్వు దాకా పోతుంది.
లైన్లోనే ఉన్నాడు. అవతల పిల్లని పిలుస్తున్నాడు — “ఇలా రావే, మావయ్యతో మాట్లాడు.”