మిరియాల సూప్‌లో లోపం

ఎల్.బి. నగర్,
శుక్రవారం

చిరంజీవి సుజనకు నానమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ నాన్న, మీ అమ్మ ముగ్గురం క్షేమంగానే ఉన్నాం. ఆ మాటకు చిన్న మినహాయింపు ఒకటి ఉంది. దాని చోటు వచ్చినప్పుడు రాస్తాను. కథల పుస్తకం చివరి పేజీ ముందు తిప్పే అలవాటు నీకుంది కనుక చెబుతున్నాను, వరుసగా చదువు. రాయ్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం, హాస్టల్ గది రెండూ కుదురుకున్నాయని రాశావు, సంతోషం. రోజూ ఫోన్‌లో మాట్లాడుతూ మళ్లీ ఉత్తరాలెందుకని మీ నాన్న అంటాడు. ఫోన్‌లో నువ్వు ప్రతిదానికీ "సరే నానమ్మా" అంటావు. కాగితం మీద అలా తప్పించుకోలేవు.

అడిగినవాటికి జవాబులు. మీ నాన్న నడుం నొప్పి తగ్గింది. హయత్‌నగర్ డిపోకు మళ్లీ బండి మీదే పోతున్నాడు. బస్సులో పొమ్మంటే, "దినమంతా బస్సులతోనే కదనే అమ్మా, పొద్దుగాల సుత వాటి మొఖమేనా?" అంటాడు. మేడ మీద కుండీలో నువ్వు నాటిన మల్లె పూసింది. వాసన ఎలా ఉందో మీ అమ్మను అడుగు.

"మన బిస్ట్రోకు మళ్లీ వెళ్లావా?" అని మూడు ఉత్తరాల నుంచి అడుగుతున్నావు. వెళ్లాను. నిరాశపడ్డాను.

నువ్వు రాయ్‌పూర్ బయలుదేరే ముందు, చలికాలంలో, నన్ను అక్కడికి తీసుకెళ్లినప్పటి సంగతి నాకు బాగా గుర్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందు, ఇరుకు మెట్లు, పైన ఆరేడు బల్లలు. ఇంత చిన్న హోటల్‌కు అంత నోరు తిరగని పేరెందుకని అడిగితే నువ్వు నవ్వావు. గిన్నె బల్ల మీద పెట్టకముందే మిరియాల ఘాటు ముక్కుకు అందింది. బయటి తిండిని నేను మెచ్చుకోవడం అదే మొదలని నువ్వే అన్నావు.

రెండు వారాల కిందట శనివారం సాయంత్రం మీ అమ్మను వెంటబెట్టుకుని మెట్రోలో వెళ్లాను. కుర్చీలు మార్చారు, కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు. పాటల హోరులో పక్కవాళ్ల మాట వినబడదు. అదంతా ఓర్చుకున్నాను. సూప్ వచ్చింది. ఒక చెంచా తాగి, హోటల్ నడిపే వినయ్‌ని పిలిచాను.

"ఏం బాబూ, ఇది మిరియాల సూపేనా?"

"అదే నానమ్మా. మీ మనవరాలితోని ఒచ్చినప్పుడు తాగిన్రు కదా, సేమ్ అదే."

"అప్పుడు తాగింది సూప్. ఇవి వేడి నీళ్లు."

లోపలికి తీసుకెళ్లి మళ్లీ తెచ్చాడు. ఉప్పూ లేదు, ఘాటూ లేదు. తిప్పి పంపాను. మూడోసారి తెచ్చినప్పుడు అతనే వేరే చెంచాతో కొంచెం తాగి, పొలమారి దగ్గాడు. "ఇంకేం ఎయ్యాలె నానమ్మా? ఇంకో జరంత ఏస్తే ఇది సూప్ కాదు, కషాయం."

మీ అమ్మను చెప్పమన్నాను. ఒక చెంచా తాగింది. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. "ఏమో అత్తమ్మా... మీరన్నదే నిజమేమో" అంది.

"పేరు వచ్చేదాకా ఒక వంట, వచ్చాక ఒక వంట. ఇలాగైతే ఎన్నాళ్లు నడుపుతావు?" అని అతనికి గట్టిగానే చెప్పి లేచాను. బల్లల దగ్గర వాళ్లంతా తిరిగి చూశారు.

కిందికి వచ్చేసరికి వాన వెలిసింది. మెట్రో స్టేషన్ దారిలో మురుగు పొంగి రోడ్డు మీద పారుతోంది. "ముక్కు మూసుకోండ్రి అత్తమ్మా, కంపు, కంపు" అని మీ అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నిలబడిపోయాను. నల్లటి నీళ్లు కాళ్ల పక్కనే పారుతున్నాయి. నాకు ఏ వాసనా రాలేదు.

ఇంటికి వచ్చి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సుద్దపొడి నయం.

నీకు తెలుసు, నేను వండుతూ రుచి చూడను. దేవుడికి నైవేద్యం పెట్టకముందు ఎంగిలి చేయకూడదని మా అమ్మ నేర్పింది. చారు పొంగే వాసనను బట్టి ఉప్పు చాలిందో లేదో చెప్పేదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో మీ అమ్మ గరిటె మీది పులుసు అరచేతిలో వేసుకుని నాకిందని పాతికేళ్లుగా దెప్పుతూనే ఉన్నాను.

ఆ రాత్రి ఆమెనే కూర్చోబెట్టి అడిగాను. "ఎన్నాళ్ల నుంచి?"

"ఉగాదికి జరమొచ్చి తగ్గినప్పటి సంది అత్తమ్మా. ఉప్పు ఎక్కువేస్తున్నరు. మీరు నైవేద్యం పెట్టి గంట కొట్టంగనే నేను చారుల నీళ్లు కలుపుతున్న. కూరల ఉడకపెట్టిన ఆలుగడ్డ ఏస్తున్న."

"నాకు చెప్పడానికి ఏమైంది?"

"చెప్తే మీరు పొయ్యి కాడికి రావుడే బంద్ చేస్తరని."

చెప్పి ఉంటే అంతే చేసేదాన్ని. ఇన్నాళ్లూ మీ నాన్న తెచ్చే కూరగాయల్లో రుచి చచ్చిందని అతన్ని తిడుతూ వచ్చాను.

ముక్కు డాక్టరుకు చూపించాం. జ్వరంతో వాసన పోయిందట, నాలుక కూడా మొద్దుబారిందట. వాసన లేకపోతే నాలుకకు తెలిసేది కొంచెమేనట. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు. రోజూ లవంగం, నిమ్మతొక్క వాసన చూడమన్నాడు. చూస్తున్నాను. ఇంకా ఏమీ తెలియడం లేదు. పైన రాసిన మినహాయింపు ఇదే. భయపడి సెలవు పెట్టి రావద్దు.

మరునాడే వినయ్ దగ్గరకు పోయి చెప్పాను. నేను లేచి వచ్చాక వంటచేసే మౌనికను అతను బాగా తిట్టాడట. ఆమెను పిలిపించి, అందరి ముందు తిట్టించాను కనుక అందరి ముందే, "తప్పు నీ సూప్‌ది కాదమ్మా, నా ముక్కుది" అన్నాను. "అయ్యో, పర్వాలేదు నానమ్మా" అని నవ్వింది. ఆ పాటల హోరు మాత్రం నా ముక్కు తప్పు కాదని వినయ్‌కి చెప్పాను. తగ్గించాడు.

ఇక ఆవకాయ. మూడో రోజు జాడీ తిరగ కలిపేటప్పుడు ఉప్పు తక్కువైందనిపించి, కొలత మీద ఇంకో రెండు గుప్పెళ్లు వేశాను. అదే నీకు పంపాను. "అద్భుతం నానమ్మా, హాస్టల్‌లో అందరూ లొట్టలేశారు" అని రాశావు. మీ అమ్మకు ఫోన్‌లో ఏం చెప్పావో కూడా నాకిప్పుడు తెలుసు. నా మనసు నొప్పించకూడదనుకున్నావు. కానీ సుజనా, నువ్వు ఆనాడే ఉప్పని రాసి ఉంటే ఒక పిల్ల నా మూలంగా మాటలు పడేది కాదు.

ఈ వేళ శుక్రవారం కదా, పులిహోర కలిపాను. కలిపి, మీ అమ్మను పిలిచి, "చెయ్యి పట్టు" అని అరచేతిలో కొంచెం పెట్టాను. బిత్తరపోయింది.

"అత్తమ్మా, ఇంకా దేవునికి పెట్టలే కదా!"

"ఆయన ఆగుతాడు. ఉప్పు చూడు."

తల వంచుకుని తింది. నా మొహం వంక చూసి, జంకుతూ, "జర తక్కువైంది" అంది. వేశాను. ఆమె చాలనేదాకా వేసి, అప్పుడు గంట కొట్టాను.

ఆ పచ్చడి పారేయకు. ఉప్పు వేయని పెరుగన్నంలో నంజుకో. దాని రుచి గురించి మళ్లీ రాయి. ఈసారి నిజం రాయి.

ఇట్లు,
ఇకమీదట అడిగి ఉప్పు వేసే
మీ నానమ్మ
స్వరూపరాణి