ప్రూఫ్ సెక్షన్ ఇన్‌చార్జి

చిక్కడపల్లి,
14 జులై 2012

విజయశ్రీ అక్కకు,

ప్రెస్సులో నన్ను ప్రూఫ్ సెక్షన్ ఇన్‌చార్జిని చేస్తామన్నారని ఫోన్లో చెబితే ఎంతో సంబరపడ్డావు. నా కింద పనిచేయాల్సింది కిషన్ రావుగారొక్కరేనని నీకు చెప్పలేదు. తొమ్మిదేళ్ల క్రితం నాకు ప్రూఫులు దిద్దడం నేర్పింది ఆయనే. ఈమధ్య ఆయనకు చూపు బాగా తగ్గింది.

నాకొద్దని ఓనరుగారితో అన్నాను. "బయటోళ్లను తెస్తే ఆయన్ను వారం గూడ ఉంచరమ్మా. మీరే చూస్కోండి. ఆయన దిద్దినంక ఎన్ని తప్పులు మిగిలినయో వారం వారం రాసియ్యాలె," అన్నారు.

రెండు రోజులు ఎటూ తేల్చుకోలేక, చివరికి కిషన్ రావుగారినే అడిగాను.

"ఒప్పుకో బిడ్డా. వేరేటోళ్ల ముంగట తలొంచుకునుడు నాతోని కాదు," అన్నారు.

ఒప్పుకున్నాను. మొదటి వారం ఆయన దిద్దిన పేజీలను మళ్లీ చూస్తే ఇంకా పదకొండు తప్పులు మిగిలి ఉన్నాయి. రిపోర్టులో నాలుగే అని రాశాను. కిషన్ రావుగారి సంతకం కూడా ఉండాలని ఇస్తే, ఆయన ఆ పేజీలన్నీ తెప్పించుకుని, కళ్లకు ఆనించి చూసుకున్నారు.

"తప్పును గిట్ల పోనిస్తమా బిడ్డా? నేనెప్పుడన్న నేర్పిన్నా?" అని, నాలుగు కొట్టేసి తన చేత్తోనే పదకొండు వేసి సంతకం పెట్టారు.

సోమవారం నుంచి ఆయన రావడం లేదు. ఇల్లు నారాయణగూడలోనే. రోజూ ఆ సందు ముందు నుంచే ప్రెస్సుకు వెళ్తున్నాను, లోపలికి మాత్రం అడుగు పడడం లేదు.

అమ్మ నా ప్రమోషన్ సంగతి అందరికీ చెబుతోందట. చెప్పొద్దను అక్కా. నా కింద ఇప్పుడు ఎవరూ లేరు.

నీ చెల్లెలు