నూట పన్నెండో పేజీలో తప్పు

చిరంజీవి కామాకి, బాబాయి దీవెనలు.

నీ నవల ప్రూఫులు పూర్తిగా దిద్ది ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావని తెలుసు. ముప్ఫై నాలుగేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను, నోటిమాటగా ఒక్క సవరణ కూడా చెప్పలేదు. కాగితం మీద లేని సవరణ సవరణే కాదు. చిన్నప్పుడు ఎక్కడా ఆగకుండా మాట్లాడుతున్నావని, కనీసం పేరులోనైనా ఒకటి ఉండనీ అని నిన్ను కామా అన్నాను. ఆ పిల్ల నవల రాసి, అది అచ్చుకి వెళ్లేముందు నా బల్ల మీదికి వచ్చిందంటే ఏం చెప్పను? కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నాను.

ఇక తప్పుల సంగతి. నలభై ఒకటో పేజీలో భార్యాభర్తలు ఒకే సోఫాలో పక్కపక్కనే ఉన్నారు. ఆయన ఆవిడకి ‘భోంచేద్దామా’ అని మెసేజి పెట్టాడు. ఒకళ్లని పక్కగదిలోకి పంపడం మరిచిపోయినట్టున్నావు, ఎవరిని పంపాలో చెప్పు. యాభై ఎనిమిదిలో నీ నాయిక ఎదురు ఫ్లాట్‌లో మూడేళ్లుగా ఉంటున్న మనిషికి పేరు లేదు. కంపోజింగ్‌లో జారిపోయి ఉంటుంది. డెబ్బైలో ఆ అమ్మాయి ఫోన్లో తల్లితో ‘బాగానే ఉన్నానమ్మా’ అంటోంది, అదే పేరాలో ఏడుస్తోంది. రెండిట్లో ఒకటి ఉంచు.

నాయిక తండ్రి టైలరు, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటాడని రాశావు. టైలర్లు సుద్ద చెవి మీద పెట్టరమ్మా, చెంపంతా తెల్లబడుతుంది. చెవి మీద పెన్సిలు పెట్టుకుని వెతుక్కునేది వడ్రంగులు. అలాంటి వడ్రంగి మా వీధిలో ఒక్కడే. నాకు అన్నయ్య, నీకు నాన్న.

చివరగా, నూట పన్నెండో పేజీ. ‘నేను ఊరు విడిచిన రోజు నాన్న స్టేషన్‌కి రాలేదు.’ ఈ వాక్యం తప్పు. సరిచూసుకో.

నీ బాబాయి

తా.క. చివరి పేజీ నాకు అందలేదు. నాయిక తలుపు తాళం తీసింది, అంతటితో కాగితాలు అయిపోయాయి. లోపలికి వెళ్లిందా లేదా అని మీ పిన్ని నన్ను తినేస్తోంది.

*

బాబాయికి నమస్కారాలు.

నువ్వు పట్టినవేవీ తప్పులు కావు బాబాయ్. ఇప్పుడు బతుకులే అలా ఉన్నాయి. ఆ సోఫాలోవాళ్లిద్దరూ రోజంతా ఆఫీసులో మాట్లాడి మాట్లాడి వచ్చారు. నోటితో అడిగితే వెంటనే జవాబు చెప్పాలి, మెసేజి అయితే కాసేపు ఊరుకోవచ్చు. నేను ఈ ఫ్లాట్‌కి వచ్చి ఐదేళ్లయింది. ఎదురింటాయన చెప్పుల సైజు తెలుసు, ఆయన పార్సిళ్లన్నీ ఫ్లాట్ నంబరు చూసి నేనే తీసుకుంటాను. పేరు మాత్రం తెలీదు. ఇక ‘బాగానే ఉన్నానమ్మా’ సంగతి పిన్నినడుగు, చెప్తుంది. ఇప్పటి సాహిత్యం అంటే ఇంతే, చుట్టూ జరిగేది చూసి దాచకుండా రాయడం. ఆ పుస్తకంలో నేను కనిపెట్టిందంటూ ఏమీ లేదు.

నూట పన్నెండు మాత్రం కథ కోసం రాసింది, దాన్ని ముట్టుకోకు. నాన్నకీ దానికీ సంబంధం లేదు. టైలరు టైలరే.

నీ కామా

తా.క. చివరి పేజీ అదే. తలుపు తీయడంతోనే నవల అయిపోయింది. తర్వాతిది పిన్నిని ఊహించుకోమను.

*

చిరంజీవి కామాకి, దీవెనలు.

మొదట నిన్ను నమ్మలేదు. ప్రూఫులు దిద్దేవాడికి అనుమానమే వృత్తి. అందుకని చిన్న పుస్తకం జేబులో వేసుకుని వారం రోజులు తిరిగాను. పళ్ల డాక్టరు దగ్గర ఒక తల్లీకూతురూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకరికొకరు మెసేజిలు పెట్టుకున్నారు. సరే, పళ్లనొప్పి అనుకున్నాను. ఇంటికొస్తే మీ పిన్ని వంటింట్లోంచి, హాల్లో ఉన్న నాకు ‘వడ్డించాను’ అని మెసేజి పెట్టింది. కేకేసే గొంతు ఏమైందని అడిగాను. మెసేజి అయితే నేను చూసినట్టు తెలుస్తుందట, కేకేస్తే విన్నట్టు రుజువు ఏదీ అంది. లేచి వెళ్లి భోంచేశాను.

తర్వాత మా పై అంతస్తు మనిషి పేరు తెలుసుకుందామని వెళ్లాను. నాలుగేళ్లుగా మెట్ల మీద ఎదురుపడి నవ్వుకుంటున్నాం. తలుపు తీసి, నన్ను చూసి, నేను కరెంటు మీటరు చూడ్డానికి వచ్చాననుకుని మీటరు చూపించాడు. ఏం చేస్తాను, అంకెలు రాసుకుని దిగి వచ్చాను. ‘బాగానే ఉన్నానమ్మా’ గురించి మీ పిన్నిని అడిగితే, అప్పటిదాకా బాగానే ఉన్న మనిషి కళ్లొత్తుకుంది. కాబట్టి ఆ మూడు సవరణలూ వెనక్కి తీసుకుంటున్నాను. నీ నవల్లో ఉన్నది నా ఇంట్లోనే ఉంది, నేనే చూడలేదు.

కానీ నూట పన్నెండు వదలను. నాకు తెలిసినంతవరకూ టైలరు స్టేషన్‌కి వచ్చాడు.

నీ బాబాయి

తా.క. మీ పిన్ని ఊహించుకుంది. నీ నాయిక లోపలికి వెళ్లి, స్నానం చేసి, హాయిగా నిద్రపోయి, ఎదురింటాయన్ని పెళ్లి చేసుకుందట. ఆయనకి పేరు కూడా తనే పెట్టింది.

*

బాబాయికి,

నమస్కారం పెట్టకుండా మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకు. ప్రూఫులు నాన్నకి చూపించావు కదూ? నిజం చెప్పు. ఆయన రాయమంటేనే నువ్వు ఇదంతా రాస్తున్నావు. టైలరు వచ్చాడట. ఎవరు చెప్పారు నీకు, టైలరా?

రాసిన మనిషి వాక్యం జోలికి వెళ్లకూడదని నాకు నేర్పింది నువ్వే. ప్రెస్సులో నీ కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నప్పుడు చెప్పేవాడివి, మనం దిద్దేది అక్షరాన్నే, మనిషిని కాదని. ఇప్పుడు మీ అన్నయ్య మాటకొచ్చేసరికి ఆ నియమం ఏమైపోయింది? నీ చేతి మీదుగానే నా మొదటి పుస్తకం రావాలని ప్రచురణవాళ్లని బతిమాలి నీకు ఇప్పించాను. ఇలాగైతే వేరేవాళ్లకి ఇమ్మని చెప్పేస్తాను. ఆ వాక్యం తీస్తే నా నవల కూలిపోతుంది.

కామా

తా.క. కోపంలో రాశాను. చింపేద్దామనుకున్నాను కానీ ఇంట్లో వేరే కాగితం లేదు. పిన్ని ఎదురింటాయనకి ఏం పేరు పెట్టింది?

*

చిరంజీవి కామాకి, ఎప్పటిలాగే దీవెనలు.

మీ నాన్నకి ప్రూఫులు చూపించలేదు. ఆయన అడగనూ లేదు. నీ పుస్తకం వస్తోందని తెలిసిన రోజునుంచీ కొట్లో కూర్చుని అల్మరా చేస్తున్నాడు. ఒక్క పుస్తకానికి అంత అల్మరా ఎందుకన్నయ్యా అంటే, ఇది మొదటిది కదరా అన్నాడు.

తప్పు ఎవరిదో చెప్తాను, విను. నాది. పదకొండేళ్ల కిందట ఆ సాయంత్రం మీ నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రెస్సుకొచ్చాడు. నా స్కూటరు మీద స్టేషన్‌కి వెళ్లాలి. ఐదే నిమిషాలన్నయ్యా, ఆఖరి ఫారం అన్నాను. ఏదో విత్తనాల కేటలాగులో చివరి పదహారు పేజీలు. అందులో ఒక వంకాయ విత్తనం పేరు తప్పు పడింది. ఒకటి పడితే ఇంకోటి ఉంటుందని మళ్లీ మొదటినుంచీ చూశాను. మీ నాన్న బయట బెంచీ మీద కూర్చున్నాడు. లేచి గుమ్మందాకా వచ్చేవాడు, నేను తలొంచుకుని ఉండటం చూసి మళ్లీ వెళ్లి కూర్చునేవాడు. పనిలో ఉన్న మనిషిని పిలవడం ఆయనకి చేతకాదు.

మేం వెళ్లేసరికి బండి కదిలింది. ఆయన పరిగెత్తాడు. చెప్పు ఒకటి ఊడిపోయింది, అది పట్టుకుని నేను వెనకాల పరిగెత్తాను. ఒక్కొక్క కిటికీ చూస్తూ వెళ్లాడు, నువ్వు కనపడలేదు. తిరిగొస్తుంటే స్కూటరు మీద నా వెనక కూర్చుని అన్నాడు: “దానికి చెప్పకురా. రావద్దంది కదా. పోనీ, మాట విన్నాననుకుంటుంది.”

అన్నయ్య మాట దాటలేక ఇన్నేళ్లూ చెప్పలేదు. ఊళ్లో అందరి తప్పులూ దిద్దాను, నా తప్పుని మాత్రం అలాగే ఉండనిచ్చాను. ఇప్పుడది అచ్చులోకి వెళ్తోంది. ఆయన వాక్యం కింద వేలు పెట్టి, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ చదివే మనిషి. నూట పన్నెండో పేజీకి వచ్చేసరికి ఆ వేలు ఆగిపోతుంది. నాకదే భయం తల్లీ. నీ నవల కూలకూడదు, మా అన్నయ్యా కూలకూడదు. ఎలా దిద్దాలో నాకు తెలియడం లేదు.

నీ బాబాయి

తా.క. పేరు చెప్పదట. తన నవల తనే రాసుకుంటానంటోంది. కాగితాలకి కూడా నన్నే పంపింది.

*

మా బాబాయికి, ముందుగా నమస్కారాలు, తర్వాత క్షమాపణలు.

నీ తప్పేమీ లేదు. నాన్న వచ్చాడని నాకు తెలుసు. ఆ రోజునుంచీ తెలుసు.

ఆ పొద్దున నేను నానా మాటలూ అన్నాను. రాతలు కూడు పెట్టవని ఆయనంటే, నా రాత మీద నమ్మకం లేనివాళ్లు స్టేషన్‌కి రానక్కర్లేదు అన్నాను. అని, బండి ఎక్కి, గేటు వైపే చూస్తూ కూర్చున్నాను. బండి కదిలింది. ఇక రాడని ఏడ్చేశాను. అప్పుడు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, ఒక కాలికే చెప్పు. వెనకాల నువ్వు. ముఖమంతా ఏడుపుతో ఉంది బాబాయ్, ఆయనకి ఎలా చూపించను? ఏదో పడిపోయినట్టు సీటు కిందికి వంగాను. నా కిటికీ పక్కనుంచే వెళ్లాడు. పిలిచాడు కూడా. నేను లేవలేదు. లేచేసరికి ప్లాట్‌ఫారం అయిపోయింది.

తర్వాత అందరికీ మా నాన్న రాలేదనే చెప్పాను. చెప్పగా చెప్పగా అదే నోటికొచ్చేసింది. రాని నాన్న మీద నవల రాయడం సులువు. దాక్కున్న కూతురి మీద రాయడం నాకు చేతకాలేదు. చూసింది దాచకుండా రాస్తానని నీకు గొప్పగా చెప్పాను. పుస్తకం మొత్తంలో నేను కనిపెట్టింది ఆ ఒక్క వాక్యమే, నువ్వు దాన్నే పట్టుకున్నావు. నువ్వు పై అంతస్తుకి వెళ్లి మీటరు చదివి వచ్చిన పాటి ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఇన్నేళ్లూ ఆయన నేను చూడలేదనుకున్నాడు. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

సవరణ కాగితం మీదే ఉండాలి కనక రాస్తున్నాను. టైలరు అన్నచోటల్లా వడ్రంగి అని మార్చు, సుద్ద అన్నచోట పెన్సిలు. నూట పన్నెండో పేజీలో ఆ వాక్యం కొట్టేసి ఇది పెట్టు:

‘నేను ఊరు విడిచిన రోజు నాన్న స్టేషన్‌కి వచ్చాడు. నేనే కనపడలేదు.’

నవల కూలితే కూలనీ. మళ్లీ కట్టుకుంటాను.

నీ కామా

తా.క. వచ్చే ఆదివారం సాయంత్రం బండికి వస్తున్నాను. నిన్ను కూడా రమ్మందును కానీ, ఇద్దరూ కలిసి బయల్దేరితే ఏం జరుగుతుందో తెలుసు కదా. నువ్వు కేటలాగు చూసుకో. నాన్నని మాత్రం స్టేషన్‌కి రమ్మన్నానని చెప్పు.