నీ సమాధి రాయి

నాన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఈ పరాయి దేశంలో నేనుండే బ్లాక్‌టౌన్‌లో రైలెక్కి ఒక పాత సమాధుల తోటకు వెళ్ళాను. అన్నీ చేత్తో చెక్కిన ఇసుకరాతి పలకలే. అక్షరాలు వంకర పోకుండా ముందుగా గీసుకున్న సన్నని గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. సమాధి రాళ్ళు చెక్కేటప్పుడు నువ్వూ అలాగే గీసుకునేవాడివి. నీకు చదువు రాదు కాబట్టి, నేను బడి నుంచి వచ్చి సుద్దముక్కతో పేర్లు రాసిపెడితే, వాటి మీద ఉలి నడిపేవాడివి.

అక్కడినుంచే అమ్మకు ఫోన్ చేశాను.

“నాన్న రాయి మెషిన్ మీద చేయించొద్దమ్మా. చేత్తో చెక్కిద్దాం.”

“చెక్కే మనిషే పోయాడు గదే! ఇంకెవరు చెక్కుతారు?”

“బాబాయి లేడా? నాన్న దగ్గరే ఉలి పట్టడం నేర్చుకున్నాడుగా.”

“ఉన్నాడు. వాడికీ మీ నాన్నలాగే అక్షరం ముక్క రాదు.”

క్రిస్మస్‌కు వస్తున్నాను నాన్నా. ఊళ్ళో ఎందరి రాళ్ళ మీదో సుద్దముక్కతో పేర్లు రాశాను. నీ పేరు రాయడం ఇదే మొదటిసారి.