తొమ్మిదో ముడి

గుమ్మఘట్ట,
మే పదో తేదీ.

నా భర్త యేసన్న గారికి కృపాకుమారి ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాస్తున్నది. నేనూ అత్తమ్మా బాగానే ఉన్నాం. ఆమె మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. జైల్లో పెట్టే ముద్ద పచ్చిగా ఉంటోందని రాశారు. వచ్చే నెల మీరు విడుదలై రాగానే మెత్తటి రాగిముద్ద నా చేత్తో చేసి పెడతాను.

మీరు ముందుగా అడిగింది కేశవ సంగతే కదా. సంతోషంగా చెప్తున్నాను, వినండి. వాడి టమాటా మూడెకరాలూ కాయ మీదనే మాడిపోయింది. వాడు గట్టు మీద తల పట్టుకుని కూర్చుంటే, గడ్డి వంకతో కావాలనే రెండుసార్లు వాడి ముందు నుంచి నడిచాను. కొత్త బోరు వేయకూడదని ఏడు ఇళ్ళవాళ్ళం కలిసి ఒప్పుకున్న మాట తప్పి, ఎనిమిది వందల అడుగులు దించినవాడు వాడు. అడగబోయిన మీరు కోపంలో వాడి చెయ్యి విరగ్గొట్టి జైలుకు పోయారు. వాడేమో కట్టు విప్పిన రోజు నుంచీ మన ఇంటి ముందే మీసం మెలేస్తూ తిరిగాడు. నాకు కడుపు మండదా?

వాడి పంట ఎలా ఎండిందో ములాఖత్‌లో అత్తమ్మ పక్కనుంటే చెప్పలేకపోయాను. ఎండించింది నేనే.

వానలు వెనక్కి పోయాక మోటారు లేని పాత బోరులోకి ముడులు వేసిన తాడు దించి, ఎన్ని ముడులు పొడిగా వచ్చాయో బడి గోడ మీద రాసే పని మీరు జైలుకు పోయాక అందరూ నాకే అప్పగించారు కదా. తొమ్మిది ముడుల వరకూ పొడి అయితే ఎవరైనా టమాటా పెట్టుకోవచ్చు. అంతకు మించితే నీళ్ళు చీనీ పండ్ల చెట్లకు మాత్రమే. నీళ్ళు తగ్గిన ఏడాది మనమూ తగ్గేవాళ్ళం, మరుసటి ఏడాదికి అవి మళ్ళీ పైకొచ్చేవి. పదేళ్ళు ఏడు బోర్లూ అలా నిలబడ్డాయి. కిందటి నవంబరులో పన్నెండు ముడులు పొడిగా వచ్చాయి. గోడ మీద తొమ్మిది అని రాశాను. కేశవ ఆశపోతు. బోరు విషయంలో మాట తప్పినా గోడ మీది అంకెను వాడూ నమ్ముతాడు. ఎగబడి పంట పెట్టి, మధ్యలో నీళ్ళందక నాశనమవుతాడని అనుకున్నాను.

అనుకున్నట్టే అయ్యాడు. కానీ కింద అందరి నీళ్ళూ ఒక్కటేనన్న సంగతి కోపంలో మరిచాను. గోడ చూసి అందరూ టమాటా పెట్టారు. వాడి బోరు లోతుది, ఆఖరున ఎండింది. మొదట ఎండింది మనదే. చెట్లు ఎలా ఉన్నాయన్న మీ రెండో ప్రశ్నకు జవాబు రాయడానికి చెయ్యి రావడం లేదు. మన చీనీ చెట్లు నలభైలో ఆరు మిగిలాయి. పెళ్ళైన ఏడాది మీరు బిందెలతో నీళ్ళు మోసి బతికించిన చెట్లు అవి.

పక్క చేని పుష్పావతక్కకు మగదిక్కు లేదని తెలుసు కదా. ఆమె అరెకరం టమాటా కూడా ఎండిపోయింది, గొర్రెలు అమ్ముకుంది. నిన్న వచ్చి వాకిట్లో కూర్చుంటే తిట్టడానికే వచ్చిందనుకున్నాను.

"వానలు మోసం జేసినాయి పాపా. ఈ తూరి గూడ తాడు నువ్వే దించల్ల. యేసన్న పెండ్లాము రాసిందంటే ఇంగ మాకు అనుమానమే లేదు," అంది.

ఆ మాట విన్నాక ఇక దాచలేను. ఆదివారం అందరినీ బడి దగ్గరికి పిలిచి, ఆ గోడ ముందే నిలబడి నిజం చెప్పేస్తాను. తాడు లాక్కుంటారు. కేశవ నవ్వుతాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. వాడి మీద కోపం పోయిందని మీకు అబద్ధం రాయను.

రాగానే వాడి పైపులన్నీ నరికేస్తానని రాశారు. నరకడానికి వాటిలో నీళ్ళు లేవు. మన పైపుల్లోనూ లేవు. బస్సు దిగి నేరుగా ఇంటికే రండి. ఆ ఆరు చెట్లకూ ట్యాంకరు దగ్గర నుంచి బిందెలు మోస్తున్నాను, ఒక్కదాని వల్ల కావడం లేదు.

ఇట్లు
మీ భార్య
కృపాకుమారి