మూడు గంటల కూత

13 సెప్టెంబరు 1999, సోమవారం

ప్రూయిట్ పిలిచాడు. మేనేజరై ఎనిమిది నెలలైంది, ఇంకా మా పేర్లు తడుముకుంటూనే ఉన్నాడు. వచ్చే నెల నాలుగుకి మన బాయిలర్ ఎఫ్ఎం రేడియో స్టేషన్‌కి పాతికేళ్ళు నిండుతాయి, మొదటి నుంచీ ఉన్నది మీరొక్కరే లోర్నా గారూ, ఒక పేజీ చరిత్ర రాసిస్తే పోస్టర్ వేయిద్దాం అన్నాడు.

సరే అన్నాను. నేనొక్కదాన్నే ఎలా మిగిలానో అతనికి తెలియదు.

15 సెప్టెంబరు

రాశాను. 1974. మా ఊరు కార్వెన్‌లో పెయింట్ల షాపు పైన రెండు గదులు. బయటి చప్పుడు రాకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు. కింద నుంచి టర్పెంటైన్ వాసన వచ్చి సాయంత్రానికి తలనొప్పి. అప్పటిదాకా ఊళ్ళో రాక్ పాటలు వినాలంటే క్లీవ్‌లాండ్ స్టేషన్ గరగరల్లో వెతుక్కోవాల్సిందే.

స్టేషన్ అనౌన్సర్ వెర్న్ డోబ్రిక్ నన్ను బేకరీ కౌంటర్ వెనక నుంచి తీసుకొచ్చి మైక్ ముందు కూర్చోబెట్టాడు. ఊరితో మాట్లాడకే పిల్లా, ఊరెవరికి కనపడింది, కారులో ఒంటరిగా పోతున్న ఒక్క మనిషితో మాట్లాడు అనేవాడు. నాకు వచ్చిన విద్య అంతా ఆ ఒక్క ముక్కే.

ఇక కూత. స్టీల్ మిల్లులో షిఫ్టు దిగే కూతని వెర్న్ గేటు దగ్గర వానలో నిలబడి టేపు మీద పట్టాడు. రోజూ మధ్యాహ్నం మూడుకి అది వేసేవాడు. వెనకే తన గొంతు: కార్డు పంచ్ చేయండి, చేతులు కడుక్కోండి, ఇంటికి పదండి. ఆపైన గిటార్ పాట. 79లో మిల్లు మూసేశారు. కూత మేం ఆపలేదు. పని పోయిన మగవాళ్ళు కూడా మూడింటికి రేడియో పెట్టుకునేవారు. అది రాస్తుంటే ఏడుపొచ్చింది.

17 సెప్టెంబరు

పేజీ తిరిగొచ్చింది. మానేసిన వాళ్ళ పేర్లు వద్దని టెక్సస్లో ఉన్న మా కంపెనీ హెడ్డాఫీసు వాళ్ళు అన్నారట. వెర్న్ పేరు ఐదు చోట్ల కొట్టేసి ఉంది. అలాగే ఉంచేశాను. ఆ పేరు కొట్టేయడం నాకు అలవాటేగా.

18 సెప్టెంబరు, శనివారం

ఎక్కడా రాయని సంగతి ఇక్కడైనా రాస్తాను.

1988లో అప్పటి యజమానులు నన్ను ప్రోగ్రాం డైరెక్టర్ని చేశారు. చేసిన రోజే, వచ్చే శుక్రవారం వెర్న్‌ని తీసేస్తున్నాం, అతని మధ్యాహ్నం షో నీదే, నోరు జారావా నీ ఉద్యోగమూ పోతుంది అన్నారు. ఈ వృత్తిలో ఎవరినీ ముందు చెప్పి తీయరు. చెబితే మైక్‌లో ఏమంటాడోనని భయం. షో ముగిసి బయటికొచ్చాక, కారిడార్‌లో చెబుతారు.

వారం రోజులు అతని పక్కన కూర్చున్నాను. అతని జోకులకి నవ్వాను. శుక్రవారం ఆరింటికి అతను మైక్‌లో, సోమవారం కలుద్దాం అని చెప్పి లేచాడు. నేను కళ్ళెత్తలేదు.

సోమవారం ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కూత టేపులో అతని గొంతు ఉన్న ముక్కని బ్లేడుతో కోసేశాను. పారేయడానికి మాత్రం చేతులు రాలేదు. పిప్పరమెంట్ల డబ్బాలో పెట్టాను. ఇప్పటికీ ఉంది.

22 సెప్టెంబరు

ప్రూయిట్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నాలుగో తేదీ సోమవారం సాయంత్రం ఆరింటికి బాయిలర్ ఎఫ్ఎం ఆగిపోతుందట. తర్వాత శాటిలైట్ నుంచి రోజంతా స్పోర్ట్స్ కబుర్లు. ఎవరికీ చెప్పకండి, మీకు మాత్రం సోమవారం చివరి షో ఇస్తాం, తృప్తిగా వీడ్కోలు చెప్పుకోండి అన్నాడు.

ఆ వీడ్కోలు నాది కాదు, వెర్న్‌ది.

26 సెప్టెంబరు, ఆదివారం

పదకొండేళ్ళ తర్వాత వెర్న్ ఇంటికి వెళ్ళాను. జుట్టు తెల్లబడింది. ఇప్పుడు టైర్ల షాపులో చేస్తున్నాడు. భార్య బెర్నీస్ ఉల్లిపాయలు చల్లిన పియరోగీలు, అంటే ఆలుగడ్డ కూరిన కుడుములు, నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగో తేదీ సోమవారం స్టేషన్ ఆపేస్తున్నారు, వచ్చి ఆఖరి షో నువ్వు చేయి అన్నాను. ఫోర్కుతో ఉల్లిపాయలు కెలికాడు. ఊరికి సోమవారం కలుద్దామని చెప్పి వెళ్ళానే, మాట ఇంకా బాకీ ఉంది అన్నాడు. అంతలోనే పగలబడి నవ్వాడు. సోమవారమా? వాళ్ళు ఏ పాపం చేసినా శుక్రవారమే చేస్తారే పిచ్చిదానా, శనాదివారాల్లో జనం తిట్టుకుని చల్లబడతారని! పాతికేళ్ళున్నావు, ఆమాత్రం తెలీదా? ప్రూయిట్ అలాంటివాడు కాదులే అన్నాను.

గుమ్మం దగ్గర అడిగాడు: నన్ను తీసేస్తారని ఆ వారం నీకు ముందే తెలుసా?

తెలియదు అన్నాను. చెప్పుకోవడానికే వెళ్ళాను కదా. అయినా తెలియదు అన్నాను.

30 సెప్టెంబరు

స్టూడియోలో కూర్చుని, డబ్బాలో దాచిన వెర్న్ గొంతు ముక్కని కూత టేపుకి మళ్ళీ అతికించాను. అతుకు అసలు తెలియడం లేదు.

1 అక్టోబరు, శుక్రవారం

పన్నెండు దాటింది. షోకి బయల్దేరి కారులో ఉన్నాను. రేడియోలో మా స్టేషన్ పాట మధ్యలో తెగింది. రెండు క్షణాలు నిశ్శబ్దం. ఆపైన ఎవడో గట్టిగా నవ్వుతూ ఫుట్‌బాల్ కబుర్లు మొదలుపెట్టాడు. పాట కూడా పూర్తి కానివ్వలేదు.

ప్రూయిట్ కారిడార్‌లో అట్టపెట్టెతో నిలబడ్డాడు. కాఫీ కప్పు, స్వెటర్, ఫొటో సర్ది పెట్టాడు. పోస్టర్ అన్నది, సోమవారం అన్నది మీరంతా అనుమానపడకుండా ఉండాలని టెక్సస్ వాళ్ళు చెప్పమన్నారు, తప్పుగా అనుకోకండి లోర్నా గారూ అన్నాడు. పాపం, అతనూ కళ్ళెత్తలేదు. కూత టేపు ఇవ్వమన్నాను. లోపలున్నది కంపెనీ ఆస్తి అన్నాడు.

చెడపకురా చెడేవు అంటారు. నేను చెడితే చెడ్డాను. మళ్ళీ వెర్న్‌నే చెడగొట్టాను.

2 అక్టోబరు

ఫోన్ తీసి వెర్న్ నంబరులో నాలుగు అంకెలు నొక్కి పెట్టేశాను. రెండుసార్లు.

4 అక్టోబరు, సోమవారం

రెండున్నరకి నా గుమ్మం ముందు పికప్ ట్రక్కు ఆగింది. వెర్న్. ఇస్త్రీ చొక్కా, కొత్త క్షవరం. సోమవారం రమ్మన్నావుగా, ఎక్కు అన్నాడు.

స్టేషన్ పార్కింగ్‌లో ఆపాడు. నాకు తెలుసు వెర్న్, ఆ వారం అంతా తెలుసు అన్నాను. తెలుసే పిల్లా, ఆ వారం నా జోకులకి మరీ ఎక్కువ నవ్వావు అన్నాడు.

మూడైంది. రేడియో కట్టేశాడు. నోటితోనే మిల్లు కూత పెట్టాడు, ఊపిరి అయ్యేదాకా. కార్డు పంచ్ చేయండి అన్నాడు. చేతులు కడుక్కోండి అన్నాడు. మూడోది నన్ను చెప్పమన్నట్టు చూశాడు. నేను వేలితో అతన్నే చూపించాను.

తనే అన్నాడు, ఇంటికి పదండి అని.