పెద్దోడి మెడ

రాజవ్వా, ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నువ్వున్నప్పుడే నీకు చదువు రాదు. నేర్పుతానంటే “నీకొచ్చింది చాలు” అనేదానివి.

చిన్నోడి బిడ్డకు మూడో నెల. ముఖం ఎప్పుడూ ఎడమకే తిప్పి ఉంటుంది, పసితనంలో మన పెద్దోడిలాగే. ఇవాళ కోడలితో దవాఖానకు వెళ్లాను. మెడకు కసరత్తు చేయించే అమ్మాయి బిడ్డ తలను మెల్లగా కుడికి తిప్పుతూ, “కండ బిగుసుకున్నది తాతా. జల్ది తెచ్చిండ్రు, సక్కగైతది” అంది.

“తల్లికి లాల పోసుడు రాకనా?” అని అడిగాను.

“తల్లి తప్పేం లేదు” అంది.

పెద్దోడి మెడ వంకర అట్లాగే ఉండిపోయింది. లాల పోసేటప్పుడు నువ్వే చెడగొట్టావని మా అమ్మ అనేది. ఆమె పోయాక నిన్ను అనే ఆ డ్యూటీ నేను ఎక్కాను. నువ్వు పోయేదాకా దిగలేదు.

సాయంత్రం పెద్దోడికి ఫోన్ చేసి, “మీ అమ్మ తప్పు లేదట బిడ్డా” అన్నాను. “నాకెరుకే బాపూ” అని ఫోన్ పెట్టేశాడు.